జనపనార గడ్డం, దైవాజ్ఞ

నేను ఒక్క పూట రాజ్యమేలాను. ఆ ఒక్క పూటలోనే ఒక ఆడపిల్ల పరీక్షకు ఎసరు పెట్టాను. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఎనభైల చివర్లో పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాణ్ని. మా బస్తీలో కార్మికులమంతా కలిసి నాటకాలు వేసేవాళ్లం. మతం పేరుతో రాజ్యమేలితే ఎంత ప్రమాదమో లోకానికి చాటాలని నేనొక నాటకం రాశాను. ఒక స్వామి సింహాసనమెక్కి, తనకు తోచిందల్లా దైవాజ్ఞ అంటాడు. పాట వద్దంటాడు, నవ్వు వద్దంటాడు, పుస్తకం వద్దంటాడు. చివరి రంగంలో ప్రజలు తిరగబడి అతని గడ్డం పీకేస్తారు. అది పెట్టుడు గడ్డమని తేలిపోతుంది. రచన నాది, దర్శకత్వం నాది, కాబట్టి స్వామి వేషం కూడా నాదే. అడిగేవాడెవడు?

ఆదివారం మధ్యాహ్నం షామియానా కింద నాటకం మొదలైంది. కాషాయం కట్టి, విభూతి పూసి, జనపనార గడ్డంతో అడుగుపెట్టానో లేదో, ఆడవాళ్లు హారతి పళ్లెంతో స్టేజీ ఎక్కేశారు. వేషం కట్టినవాడికి హారతివ్వడం మా వైపు మామూలే. కానీ అది రాముడికి, కృష్ణుడికి. నేను విలన్‌ని! ఆ ముక్క చెప్పాలా వద్దా? చెప్పలేదు. పైగా మా పక్కింటి యాదమ్మక్క కాళ్లకు మొక్కేసరికి నా తల పులిసిన దోసెల పిండిలా పొంగిపోయింది. రాసుకున్నవి మూడే ఆజ్ఞలు. చప్పట్లు పడుతున్నకొద్దీ అవి ఎనిమిదయ్యాయి.

"ఆడపిల్ల ఊరు దాటరాదు! దాటితే ఇంటికి అరిష్టం! ఇది దైవాజ్ఞ!"

తిరుగుబాటు నాయకుడి వేషంలో ఉన్న మల్లేశం పక్కనుంచి గొణిగాడు. "అన్నా, జల్దీ కానియ్యి. రెండుకు షిఫ్టుంది."

"ఆగు. జనం మస్తు వింటున్రు."

"జనం వింటరు, సూపర్‌వైజర్ వినడు!"

అన్నంతలోనే రెండు గంటల సైరన్ మోగింది. తిరగబడాల్సిన ప్రజలంతా సెకండ్ షిఫ్టుకు పరుగెత్తారు, మల్లేశం చెక్క కత్తితో సహా. గడ్డం పీకే నాథుడు లేక నా రాజ్యం చెక్కుచెదరకుండా నిలిచింది. హారతి మళ్లీ ఇచ్చి జనం ఇళ్లకు పోయారు.

మర్నాడు పొద్దున్నే యాదమ్మక్క కూతురు స్వరూప ఏడుస్తూ వచ్చింది. ఆ పిల్ల ఏడాదిగా టైపు నేర్చుకుంటోంది. పదింటికి సంగారెడ్డిలో పరీక్ష.

"మామా, అమ్మ పోనిస్తలేదు. నువ్వే వద్దన్నవంట."

"నేనా? ఎప్పుడు?"

"నిన్న. స్టేజీ మీద."

లుంగీ బనియన్ మీదే పరుగెత్తాను. "అక్కా, గది నాటకం! ఆ స్వామి దొంగోడు!"

"దొంగోడని ఎవ్వలు సెప్పిన్రు? ఆఖరి దాక సూసిన. మంచిగనే కూసున్నడు."

"గా స్వామిని నేనే గదక్కా!"

"నువ్వు బాయిలర్ సత్తయ్యవు. వేషం కట్టినంక నోట్లకెళ్లి వచ్చేది నీ మాట గాదు. అసలే పిల్లనొక్కదాన్ని బస్సెక్కియ్యాలంటే నాకు భయం. దేవుడే వద్దన్నంక ఎట్ల తోలాలె?"

ఆ మాటకు నాకు నిజంగా సిగ్గేసింది. ఆమెకు ఉన్నది తల్లి భయమే. దాని మీద దేవుడి ముద్ర కొట్టింది మాత్రం నేను. నాలుగు చప్పట్ల కోసం పిల్ల ఏడాది కష్టాన్ని మట్టిపాలు చేస్తున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచి పక్కింట్లో ఓడిపోయాను.

ఇక దారి లేక ఇంటికి పరుగెత్తి, కాషాయం చుట్టుకుని, గడ్డం తగిలించుకుని తిరిగొచ్చాను.

"యాదమ్మా! దేవుడు మనసు మార్చుకున్నాడు! ఆడపిల్ల సంగారెడ్డి దాకా పోవచ్చును!"

యాదమ్మక్క చేతులు జోడించింది. అంతలోనే కళ్లు చికిలించి చూసింది. "నిన్న ఒకటి, ఇయ్యాల ఒకటా? గడ్డం తలకిందులు పెట్టుకున్నవేంది తమ్మీ?"

స్వరూప ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. "సూసినవా అమ్మా! గడ్డం ఎవ్వలు పెట్టుకుంటే వాళ్ల మాటనే దేవుని మాటనా?"

యాదమ్మక్క బిడ్డ మొహం చూసింది, నా గడ్డం చూసింది. తర్వాత చటుక్కున నా గడ్డం పీకి, తన చెవులకు తగిలించుకుంది.

"ఇగ నేను సెప్తున్న. నా బిడ్డ పరీక్ష రాస్తది. సత్తయ్య తోడువోయి, పరీక్ష అయ్యేదాక బయట కూసొని, మళ్ల ఇంటికి తోలుకొస్తడు. గిది దైవాజ్ఞ!"

"అక్కా, నాకు డ్యూటీ ఉంది..."

"దేవునికే ఎదురు సెప్తవా?"

బట్టలు మార్చుకునే టైము లేదు. మా స్టాపులో ఎన్నడూ ఆగని బస్సు కాషాయాన్ని చూసి టక్కున ఆగింది. సంగారెడ్డిలో గోడ పక్కన కూర్చుంటే ముగ్గురు వచ్చి జాతకం చెప్పమన్నారు. లోపల టైపు మిషన్లు టకటకలాడుతుంటే, బయట నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

స్వరూప పాసైంది. తర్వాత ఒక ఆదివారం, షిఫ్టు లేని పూట చూసి, మిగిలిపోయిన చివరి రంగం వేశాం. గడ్డం పీకే పాత్ర యాదమ్మక్కే అడిగి మరీ తీసుకుంది. గట్టిగానే పీకింది.

అందుకే బాయిలర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో దేవుడి తరఫున నోరు విప్పను. ఆయనకు ఏమైనా చెప్పాలనిపిస్తే, యాదమ్మక్క ఇల్లు ఆయనకు తెలుసు.