పేరు కొట్టని సాయం

సాయం చేసేవాళ్లు ఫోటోకు నిలబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండడానికి కూడా ఓపిక తగ్గింది గానీ, మండుతుంది. ఒక్క బియ్యం సంచిని ఆరుగురు పట్టుకుని ఉంటారు. తీసుకునే ముసలమ్మ సగమే కనిపిస్తుంది. అట్లాంటి బొమ్మ ఉన్న పేపరును మడిచి అవతల పడేస్తాను. అయితే ఈ విషయంలో నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో రాస్తాను.

ఎనభైల్లో నేను మందమర్రి బొగ్గుబాయిలో ఫిల్లర్‌ను. తట్టలోకి బొగ్గు ఎత్తి టబ్బు నింపడమే పని. బడి ముఖం చూడలేదు. కిరాణా పొట్లాల కాగితాలు విప్పి, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నాను. చేతిరాత బాగా కుదిరింది. దాంతో కాలనీలో ఎవరింట్లో పెళ్లయినా చదివింపులు రాసేది నేనే, మైకులో చదివేది నేనే. ఎవరు ఏమిచ్చారో ఊరి పేరు, తండ్రి పేరుతో సహా చదివేవాణ్ణి. తమ పేరు సరిగా వినపడలేదు, ఇంకోసారి చదవమని నా చెవిలో చెప్పి పోయినవాళ్లు ఎందరో.

నాకు జోడీగా టబ్బు నింపే మనిషి కప్పు కూలి చనిపోయాడు. నేను ఆ రోజు జ్వరంతో పనికి పోలేదు. తోటివాళ్లమంతా చందాలు వేసుకుని అతని భార్యకు స్టీలు బిందె, పళ్లాలు కొన్నాం. మా దగ్గర పేరు కొట్టించకుండా ఎవరూ గిన్నె ఇవ్వరు. బిందె మీద ఏం కొట్టాలో కాగితం మీద నేనే రాసిచ్చాను. గని ప్రమాదంలో మరణించిన ఫలానా అని అతని పేరు, తేదీ, కింద తోటి కార్మికుల సహాయం అని. దశదినకర్మ నాడు టెంటు కింద ఎవరెవరు ఏం వేశారో మైకులో చదివాను. ఆమె తల ఎత్తలేదు. దుఃఖం అనుకున్నాను.

ఆమెకు కంపెనీ బాయి మీద ఊడ్చే పని ఇచ్చింది. మూడు నాలుగేళ్లు గడిచాయి.

ఒకరోజు క్యాంటీనులో పేపరు గట్టిగా చదువుతున్నాను. ఎక్కడో చలి దేశంలో బొగ్గుగని పేలింది. ఆ దేశం పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు, నాకూ తిరగలేదు. బొమ్మలో గని గేటు ముందు ఆడవాళ్లు శాలువాలు కప్పుకుని నిలబడి ఉన్నారు. పేపరు చేతులు మారింది.

"వాళ్లు గూడ తట్టతోనే నింపుతరా అన్నా?"

"మిషన్లుంటయి రా వాళ్లకు."

"మిషనుంటె కప్పు కూలదా?"

పేపరు తిరిగి నా చేతికి వచ్చింది. తర్వాత ఒకడు, "ఒక్క హాజరీ ఇద్దాం" అన్నాడు. ఒక్క రోజు కూలి అన్నమాట. తలా ఒక హాజరీ అని అప్పటికప్పుడు ఒప్పుకున్నారు. "యాడ ఇయ్యాల్నో నువ్వే చూడు. సదువుకున్నోనివి" అని నా నెత్తిన పెట్టారు.

అందరూ లేచాక ఆమె చీపురు గోడకు ఆనించి వచ్చింది.

"అన్నా, నేను గూడ ఇస్త. గాని పేరు రాసెటోళ్లకు ఇయ్యకు."

"నీ పేరు రాయను తియ్ చెల్లె."

"నా పేరు గాదే. గా ఆడోళ్లకు ఇచ్చేదాని మీద." బల్ల చివర కూర్చుంది. "పొద్దుగాల నల్లకాడ బిందె పెడ్తనా, లైన్ల ఉన్న పోరగాండ్లు అచ్చరాలు కూడవెట్టుకుంట సదువుతరు. గ-ని ప్ర-మా-దం-లో అని. ఒకడైనంక ఒకడు. ఆయన రోజు నల్లకాడ సస్తుండు అన్నా."

"వేరే బిందె కొనుక్కోకపోయినవా?" అన్నాను.

"నలుగురు ఇచ్చింది పక్కకు వెడితె బలుపంటరు." లేచి చీపురు అందుకుంది. "నువ్వేమనుకోకు. మంచిగనే రాసినవ్."

మంచిగనే రాసినవ్ అన్న ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ముందు పోస్టాఫీసుకు పోయాను. మనియార్డరు ఆ దేశానికి పోదన్నారు. బ్యాంకులో, నేరుగా పంపడం కుదరదు, ఏదైనా సంస్థ ద్వారానే పోవాలన్నారు. అక్కడి గుమాస్తా దయతలచి కరీంనగర్‌లో రెండు చోట్లు చీటీ మీద రాసిచ్చాడు. బయటికి వస్తుంటే మా యూనియన్ లీడరు ఎదురయ్యాడు.

"అటీటు ఎందుకు తిరుగుతవే, మన యూనియన్ లేదా? ముందుగాల గది మన దోస్తు దేశమా, అవుతలోళ్ల దేశమా చూడాలె."

"సచ్చినోళ్లు బొగ్గుబాయోళ్లు."

"గట్ల గాదు. మనకో లైన్ ఉంటది."

చచ్చిపోయినవాళ్లకు కూడా లైనుంటుందని అప్పుడే తెలిసింది నాకు.

వారం సెలవు నాడు బస్సెక్కి కరీంనగర్ పోయాను. చీటీలో మొదటిది వ్యాపారస్తుల సేవాసంఘం. పెద్దాయనకు గ్రానైటు వ్యాపారం. నన్ను మంచి కుర్చీలో కూర్చోబెట్టి కప్పూ సాసరుతో చాయ్ ఇప్పించాడు.

"మస్తు మంచి పని. మీవోళ్లు నలుగురు టోపీలు, లైట్లతోని రావాలె. ఫోటో ముఖ్యం. దుప్పట్లు పంపుతం. ఒక్కొక్క దుప్పటి మీద మా సంఘం పేరు, మీ మందమర్రి పేరు ఇంగ్లీషుల కుట్టిస్తం."

చాయ్ సగంలో పెట్టి లేచాను.

"ఏమైంది పెద్దమనిషీ?"

"బస్సుంది."

రోడ్డు మీదికొచ్చాక తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టుకున్నాను ఆయన్ని. చలికి కప్పుకునేదాని మీద పేరేమిట్రా, మొగుడు పోయిన మనిషి మీద మీ బోర్డు కప్పుతారా అని. గడియారం స్తంభం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. ఆయన దారంతో చేస్తానన్న పని నేను ఉలితో చేయించి ఉన్నాను. ఆయనదింకా చేస్తానన్న మాటే, నాది చేసి అయిపోయిన పని.

రెండోది విరాళాలు విదేశాలకు పంపే ఒక చిన్న సంస్థ, సైకిళ్ల దుకాణం మీద ఒక అద్దె గది. ఒక బల్ల, ఒక ముసలి గుమాస్తా, దగ్గు. మనిషి కూర్చొమ్మనైనా అనలేదు.

"వస్తువుల మీద పేర్లు రాస్తరా?" అన్నాను.

"వస్తువులు పంపం. పైసలే పంపుతం. ఏం కావాల్నో గక్కడోళ్లే గక్కడ కొంటరు. ఎనకట ఒక దేశానికి బట్టల మూటలు పంపితె ఓడరేవులనే నాని కుళ్లిపోయినయ్. గా మూటలు కట్టింది నేనే."

"గక్కడ ఇచ్చేటప్పుడు ఎవరిచ్చిండ్రో మైకుల సదువుతరా?"

అప్పుడు తల ఎత్తాడు. "చేరిందా లేదా అని అడుగుతరు అందరు. గిది ఎవ్వరు అడగలే."

"సదువుతరా?"

"తెల్వదు. నేను గీ కుర్సీకెల్లి లేసి యాడికి పోలే."

"రశీదు?"

"అందరికి కలిపి ఒక్కటే. మందమర్రి బొగ్గుబాయి కార్మికులు అని. పేర్లు రాయ."

పంపింది కుళ్లిపోయిందని ఒప్పుకున్నాడు, తెలియనిది తెలియదన్నాడు. నేను తిరిగిన నాలుగు చోట్లలో ఆ మాట అన్నవాడు ఆయనొక్కడే. ఇక్కడే ఇద్దామని బస్సులో నిశ్చయించుకున్నాను.

మరునాడు క్యాంటీనులో చెప్పాను. లొల్లి మొదలైంది.

"పేర్లు లేకుంటె మేమిచ్చినట్టు ఎట్ల తెలుస్తది?"

"ఇచ్చినోనికి తెలుస్తది గదా."

"నాకు తెలిస్తె ఏమైతదే? మా బామ్మర్దికి తెల్వాలె."

అందరూ నవ్వారు, కానీ సగం మంది చెయ్యి వెనక్కి తీసుకునేటట్టు ఉన్నారు. తప్పు వాళ్లది అనను. పేరు చదివితేనే ఇచ్చినట్టు అని వాళ్లకు ఇన్నేళ్లు నేర్పింది నా గొంతే. కానీ ఆ పూట నాకు అంత జ్ఞానం లేదు, కోపమే ఉంది. యూనియన్ లీడరు కూడా అక్కడే ఉన్నాడు. నేను బల్ల గుద్ది, "పెనిమిటిని బాయిల పోగొట్టుకున్న మనిషి పేరొద్దని ఇస్తున్నది! మీకేమొచ్చింది?" అన్నాను.

అనేశాను. పేరు చెప్పలేదు కదా అనుకున్నాను.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బాయి గేటు ముందు జరిగే మీటింగులో మా పేర్లు ఒక్కసారి చదువుతారు. తర్వాత డబ్బు పేర్లు లేకుండా ఆ కరీంనగర్ గుమాస్తా దగ్గరికి పోతుంది. వాదించే ఓపిక నాలో లేక ఒప్పుకున్నాను. ఆమెకు చెబితే, "మీ పేర్లు మీరు సదువుకోండ్రి, నాదైతె లేదు గదా" అంది. లేదని మాట ఇచ్చాను.

జాబితా నేనే రాశాను. ఆమె పేరు లేదు. గొంతు బాగాలేదని మైకు లీడరుకు ఇచ్చాను. ఆయన వరసగా చదివాడు, పేరు పేరుకూ చప్పట్లు. జాబితా అయిపోయింది. కాగితం మడిచాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మైకు వదల్లేదు.

"ఆఖరికి ఒక్క మాట. గీ బాయిలనే భర్తను పోగొట్టుకున్న మన ఆడబిడ్డ సైతం తన హాజరీ ఇచ్చింది!"

ఆ మాట ఆయన నా నోటి నుంచే తీసుకున్నాడు.

"పేరు గూడ చెప్పున్రి!" అని వెనక నుంచి ఎవరో కేక వేశారు. మంచి మనసుతోనే వేశారు. ఆయన చెప్పాడు. ఆమె పేరూ చెప్పాడు, ఆమె భర్త పేరూ చెప్పాడు, ఏ ఏడు పోయాడో కూడా చెప్పాడు. షిఫ్టు షిఫ్టంతా వెనక్కి తిరిగి చూసింది. ఆమె టోపీ లైట్లిచ్చే ల్యాంపు రూము గోడ దగ్గర చీపురు పట్టుకుని ఉంది. దశదినకర్మ నాడు వంచినట్టే తల వంచింది. ఈసారి దాన్ని దుఃఖం అనుకోలేదు నేను.

ఆ తర్వాతి సెలవు నాడు డబ్బు తీసుకెళ్లి ఆ గదిలో ఇచ్చాను. ఒక కాగితం మీద, ఇది ఇచ్చేటప్పుడు ఎవరి పేర్లూ చదవవద్దు, వస్తువుల మీద ఏమీ రాయవద్దు అని తెలుగులో రాసి పెట్టాను. గుమాస్తా రెండుసార్లు చదువుకుని, "ఇంగ్లీషుల చేసి పంపుత" అన్నాడు. పంపాడో లేదో నాకు తెలియదు.

ఆమె పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు ఊడుస్తూ ఊడుస్తూ నా దగ్గర ఆగింది.

"పంపినవా?"

"పంపిన చెల్లె."

"గక్కడ సదువరు గదా?"

సదువరు అని ఉంటే నమ్మేది. నేను చదువుకున్నవాణ్ణి కదా.

"తెల్వదు. వద్దని రాసిచ్చిన."

"వద్దంటె ఇంటరా అన్నా, ఎవరన్న?"

ఎత్తిపొడవడానికి అనలేదు. నిజంగానే అడిగింది. రెండో షిఫ్టు వాళ్లు బాయిలోకి దిగుతున్నారు, వాళ్లకు దారి ఇస్తూ ఇద్దరం పక్కకు జరిగాం. ఆమె వద్దన్నదే బయటపెట్టినవాణ్ణి నేను, ఈ ప్రశ్నకు మాత్రం తెల్వదు అనడానికి నాకు నోరు రాలేదు.