పగుళ్లు లేని బెల్టు

సిగ్నల్ దగ్గర బండి ఆగితే నా చెవి ఇప్పటికీ పక్క బండ్ల మీదికి పోతుంది. ఎక్కడో ఒక బానెట్ కింది నుంచి పిచ్చుక కూతలాంటి చప్పుడు వస్తుంది. కీచ్, కీచ్, కీచ్. ఇంజన్ ముందు తిరిగే బెల్టు అరిగితే అట్లా కూస్తుంది. కొండాపూర్‌లో ఒకసారి బండి దిగి, ముందున్న కారాయన అద్దం తట్టాను. "సార్, బెల్టు జర చూపించుకోండి" అన్నాను. నేనేదో అమ్ముకోవడానికి వచ్చాననుకున్నాడు. సగం దించిన అద్దం మళ్లీ ఎక్కించాడు. పచ్చ లైటు పడింది, నా వెనక హారన్లు మొదలయ్యాయి, ఆయన బండి కూసుకుంటూ వెళ్లిపోయింది.

నా బండి మూడు వారాలు కూసింది.

నాది నిజాంపేట. పొద్దున నలుగురిని ఎక్కించుకొని నానక్‌రామ్‌గూడలో వాళ్ల ఆఫీసుల దగ్గర దించుతాను, సాయంత్రం మళ్లీ తీసుకొస్తాను. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుబడింది. డాష్‌బోర్డు అరలో ఒక నోటుబుక్కు పెట్టుకొని, ఏ వారం ఏ సిగ్నల్ దగ్గర ఎన్ని నిమిషాలు ఆగానో, వాన ఉందో లేదో, నాలుగేళ్లుగా రాస్తున్నాను. కాబట్టి ఎవరైనా ఎంతసేపు పడుతుందని అడిగితే సుమారుగా చెప్పను, ఇన్ని నిమిషాలు అని చెబుతాను. కాకినాడ నుంచి వచ్చిన ఒక అమ్మాయి రోజూ వెనక సీట్లో కూర్చునేది. కొత్తగా ఎక్కినవాళ్లకు నా గురించి తనే చెప్పేది. "ఫోన్లో మ్యాపైనా మాట మారుస్తుందేమో గానీ అంకుల్ మార్చరండీ." నేను వినపడనట్టు రోడ్డు చూసేవాణ్ణి. వినపడేది.

బెల్టుకీ నా దగ్గర ఒక లెక్క ఉండేది. నాకు డ్రైవింగ్ నేర్పిన ఉస్తాద్ చెప్పినది: ఇంచు పొడవులో మూడు పగుళ్లు కనపడితే బెల్టు మార్చాలి, అంతకు తక్కువైతే ఫికర్ లేదు. ప్రతి ఆదివారం టార్చిలైటు వేసి, చిన్న అద్దం లోపలికి పెట్టి, బెల్టును కొంచెం కొంచెంగా తిప్పుతూ పగుళ్లు లెక్కపెట్టేవాణ్ణి. కూత మొదలయ్యాక వారంలో రెండుసార్లు చూశాను. ప్రతిసారీ సున్నా. నోటుబుక్కులో సున్నా, సున్నా, సున్నా అని రాసుకున్నాను.

మెకానిక్‌కు కూడా చూపించాను. నా ఈడువాడే. బానెట్ ఎత్తి, బెల్టు మీద గోరు పెట్టి లాగి, "మార్చెయ్ భయ్" అన్నాడు.

"ఒక్క పగులు లేదు. ఎందుకు మార్చాలె?"

"కూస్తున్నది ఇనవడ్తలేదా?"

"కూసుడు గాదు, నాకు లెక్క జూపియ్యి."

"నీ లెక్క నీ కాడ వెట్టుకో. రోడ్డు మీద ఆగినప్పుడు దాన్నే అడుగు," అని నవ్వి, చేతులు తుడుచుకుంటూ వేరే బండి దగ్గరికి పోయాడు. బెల్టు అమ్ముకుందామని చూస్తున్నాడనుకున్నాను.

మా పై అంతస్తులో ఒక అక్క ఉంటుంది. రక్తసంబంధం ఏమీ లేదు, కిరాయికి వచ్చిన మొదటి రోజే నన్ను తమ్మీ అని పిలిచింది. ఆమె భర్తను నేను బావ అనేవాణ్ణి. ఆయన ఊపిరితిత్తులు చెడి నానక్‌రామ్‌గూడ పక్కన ఒక దవాఖానలో పడ్డాడు. ఎనిమిది రోజులు ఐసీయూలో, నోట్లో గొట్టంతో. రోగిని చూడడానికి పగలు పదకొండు నుంచి పదకొండున్నర దాకా, మళ్లీ సాయంత్రం ఆరు తర్వాత ఒక అరగంట, అంతే. సోమవారం రాత్రి గొట్టం తీశారు. మంగళవారం పొద్దున్నే నర్సు ఫోన్ చేసి, మాట్లాడుతున్నాడు, మిమ్మల్నే అడుగుతున్నాడు అని చెప్పిందట.

నేను పొద్దుటి ట్రిప్పుకు బయల్దేరుతుంటే అక్క అప్పటికే చీర మార్చుకొని మెట్ల మీద నిలబడి ఉంది.

"ఇప్పుడే బస్సుల పోత తమ్మీ. తొందరగ పోయి గేటు కాడ కూసుంట."

"ఎందుకక్కా పరేషాన్? మూడు గంటలు గేటు కాడ ఏం జేస్తవ్? ఇప్పుడు బండి నిండ మనుషులున్నరు, నేను తిరిగొచ్చి తీస్కపోత. పది అయిదుకు ఎల్తే పది నలభై తొమ్మిదికి ఆడ ఉంటం."

"ఖాయమేనా?"

"రాసియ్యాల్నా?"

ఎనిమిది రోజుల్లో మొదటిసారి నవ్వింది. "సరే తియ్, మీ బావకు రసం జేస్త. గొట్టం తీసినంక ఏమన్న తాగనిస్తరేమో," అని పైకి వెళ్లిపోయింది.

పది అయిదుకే బయల్దేరాం. ఆమె ముందు సీట్లో, ఒళ్లో రసం డబ్బా. మియాపూర్ దాటాం, హఫీజ్‌పేట దాటాం, నా లెక్కకు అర నిమిషం ముందే ఉన్నాం. పది ముప్పై ఒకటికి కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి ముందు నుంచి తాడు కొట్టినట్టు ఒక దెబ్బ వినపడింది. కూత ఆగిపోయింది. మూడు వారాల తర్వాత ఆ నిశ్శబ్దం ఎంత పెద్దదో చెప్పలేను. బ్యాటరీ లైటు వెలిగింది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది, ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేవసాగింది. ఆ ఒక్క బెల్టే ఇవన్నీ తిప్పుతుంది. బండిని గోడ పక్కకు ఎట్లాగో చేర్చాను.

"ఏమైంది తమ్మీ?"

"పది నిమిషాలక్కా. చూస్త."

ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి తెచ్చి చెప్పానో నాకు తెలియదు. బెల్టు ముక్కలైపోయింది, ఫ్లైఓవర్ మీద చేయగలిగింది ఏమీ లేదు. అయినా పదిహేడు నిమిషాలు బానెట్ కింద తల పెట్టుకొని ఉన్నాను. తర్వాత ఫోన్లో పిలిచిన రెండు క్యాబులు రద్దయ్యాయి. ఫ్లైఓవర్ మీద ఆటో ఆగదు. బండ్లు రాసుకుంటూ పోతుంటే ఇద్దరం గోడ పట్టుకొని కిందికి నడిచాం. ఆమె రసం డబ్బాను రెండు చేతులా పట్టుకొని నా ముందు నడిచింది. ఆటో దొరికేసరికి పదకొండు పదిహేడు. గేటు దగ్గరికి చేరేసరికి పదకొండు ముప్పై ఏడు.

ఏడు నిమిషాలు. అక్క బతిమాలింది, నేను బతిమాలాను. లోపల డాక్టర్లు ఉన్నారు, ఆరింటికి రండి అన్నారు. మూడుంబావుకు మైకులో ఆమెను పిలిచారు. బావ పోయాడు. పొద్దుటి నర్సు బయటికి వచ్చి, "పదకొండు నుంచి తలుపు దిక్కే చూసిండమ్మా," అంది. మంచి మనసుతోనే అని ఉంటుంది.

బండిని మెకానిక్ దగ్గరికి లాగించాను. ఆయన బెల్టు ముక్కలను ఏరి, కొత్త బెల్టు పక్కన పెట్టాడు. కొత్తదాని లోపలివైపు పొడుగునా ఉన్న గాడుల్లో గోరు సగమే దిగింది. పాతదాని గాడుల్లో మొత్తం దిగి అడుగు తగిలింది.

"పగుళ్ల లెక్క పాత బెల్టులది భయ్. ఇప్పుడొచ్చేటివి పగలవు. టైరు లెక్క గాడుల కాడ అరుగుతయి. నువ్వు లేనిదాన్ని లెక్కవెట్టినవ్." ఈసారి నవ్వలేదు.

ఐదో రోజు అక్క నన్ను మెట్ల దగ్గర ఆపింది. "ఒక్కటి అడుగుత తమ్మీ. బెల్టు తెగకపోతే అందుకునేటోళ్లమా?"

ఆమె నా మొహం చూడలేదు, నా నోటినే చూస్తోంది. నేను లెక్క చెప్పే మనిషిని.

"లేదక్కా," అన్నాను. "ఆ రోజు గచ్చిబౌలి కాడ బస్సు ఆగి మస్తు జామైంది. ఎట్లైనా పన్నెండయ్యేది."

"గట్లనా," అని ఊపిరి వదిలింది.

పదకొండో రోజు వచ్చిన బంధువులందరికీ ఆమె అదే చెప్పింది. "మా తమ్ముడు నిమిషాలతో సహ చెప్తడు. బెల్టు తెగకున్నా అందకపోతుంటిమట." వాళ్లు నా వైపు చూసి తలలూపారు. నేను విస్తళ్లు తీసే పనిలో పడ్డాను. నేను తెలిసి చెప్పిన తప్పు లెక్క అదొక్కటే, దాన్నే ఇంత మంది నమ్మారు.

తర్వాత మూడు మంగళవారాలు, ఎవరూ లేకుండా, పది అయిదుకు నేనొక్కణ్ణే బయల్దేరి ఆ గేటు దాకా వెళ్లాను. పది నలభై తొమ్మిది. పది యాభై ఒకటి. పది నలభై ఎనిమిది. పక్క సీటు ఖాళీ. కొత్త బెల్టుకు చప్పుడే లేదు, అయినా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నా చెవికి కూత వినపడేది. గోడ పక్కన, మేము బండి ఆపిన చోట, నలుపు మరక ఒకటి ఉంది. నూనె మరక అయి ఉంటుంది. చూడకుండా పోవాలనుకుంటాను, చూస్తాను.

రెండు నెలల తర్వాత పెన్షన్ కోసం దవాఖాన నుంచి ఇంకో కాగితం కావాలన్నారు. అక్క నన్ను పిలిచింది.

"మంగళారం పోదాం తమ్మీ. పది అయిదుకు."

ఆ టైము ఆమే చెప్పింది. నేను సరే అన్నాను.

ఆమె ముందు సీట్లోనే కూర్చుంది. ఫ్లైఓవర్ మీద కళ్లు మూసుకుంది. గేటు ముందు ఆపాను. డాష్‌బోర్డు గడియారంలో 10:49. ఆమె దాన్నే చూసింది.

"ఆ రోజు ఆటోల పోయినప్పుడు గూడ రోడ్డు ఖాళీగనే ఉండె," అంది.

నా దగ్గర ఇంకో అబద్ధం తయారుగా ఉంది, జామ్ అప్పుడే విడిపోయిందని. నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు.

"అందుకునేటోళ్లం అక్కా. పదకొండు నిమిషాలు ముందే అందుకునేటోళ్లం."

ఏడవలేదు. తిట్టలేదు. దిగలేదు కూడా. సంచిని, ఆ రోజు డబ్బాను పట్టుకున్నట్టే రెండు చేతులా ఒళ్లో పట్టుకొని కూర్చుంది. ఇంజన్ ఆపాలో వద్దో తెలియక అట్లాగే ఉంచాను. 10:52. 10:55. గేటు దగ్గర రోగుల మనుషులు వరుస కట్టారు, పళ్ల సంచులతో, ఫ్లాస్కులతో. పదకొండు కాగానే వాచ్‌మన్ గొలుసు తీశాడు. ఒక్కొక్కరే లోపలికి పోయారు. చివరి మనిషి పోయేదాకా చూసి, అప్పుడు తలుపు తీసుకొని దిగింది.

కాగితం తీసుకొని వచ్చాక వెనక సీట్లో కూర్చుంది. ఎప్పుడూ ముందే కూర్చునేది. హఫీజ్‌పేట వచ్చింది.

"బెల్టు జూసినవా?" అంది అప్పుడు.

"పొద్దున జూసిన అక్కా."

"ఎట్ల జూసినవ్?"

"గాడిల గోరు వెట్టి జూసిన."

అద్దంలో ఆమె వైపు చూశాను. బయటికి చూస్తోంది. సిగ్నల్ పడింది, ఆగాం. పక్కన ఏదో బండి కూస్తోంది. ఆమె కూడా తల అటు తిప్పింది.