కడిగిందెవరు

రమణికి ఇరవై ఆరేళ్లు. అరకు పైన వాళ్ల ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చుని బతికేది అదొక్కతే. కూర్చుని చేసేది కూడా పనేనా అని ఊళ్లో సగం మందికి అనుమానం. పనే. కాఫీ రైతుల సంఘంలో మూడు వందల నలభై ఇళ్లవాళ్ల పేర్లు, పట్టాలు, ఆధార్ నంబర్లు దాని లాప్‌టాప్‌లో ఉన్నాయి. గుమ్మం గుమ్మానా నిలబడి, "ఇంకెవరికీ ఇవ్వను" అని మాటిచ్చి మరీ రాసుకొచ్చింది.

సోమవారం కాఫీ పళ్ల కొనుగోలు. తూకం అవగానే రైతు చేతిలో తెలుగు స్లిప్పు పడాలి. ఆ అచ్చు పనికి రమణి ఒక లైబ్రరీ చూసిపెట్టుకుంది. లైబ్రరీ అంటే పుస్తకాలు కావు. ఎవరో రాసి లోకానికి వదిలిన కోడు మూట, తెచ్చి మన ప్రోగ్రాంలో కలుపుకోవడమే. నాలుగేళ్లుగా వేలమంది వాడుతున్నారు. శనివారం పొద్దున్నే సంఘం కార్యదర్శి ధర్మతేజ ఫోను.

"బేగి పెట్టీయమ్మా. స్లిప్పు లేకపోతే జనం రోడ్డు మీది షావుకారికి పోసేత్తారు."

"పెడుతున్నా సార్."

పెట్టబోతూనే ఉంది. అప్పుడే పక్కింటి యర్రమ్మ బుట్టతో దిగింది.

బుట్టలో ఉడికించిన చేదు దుంపలు. తరిగి, మూడు రోజులు గెడ్డలో, పారే వాగు నీళ్లలో, ఉంచితే గాని వాటి విషం దిగదు. యర్రమ్మ దుంపలంటే ఊరంతా కళ్లు మూసుకుని తింటుంది. రమణిని పెంచిన మేనత్త సోములమ్మ కళ్లు మూసుకునే రకం కాదు.

"ఎవరు కడిగారే?"

"ఏటొదినా ఆ మాట? నా బుట్ట గుర్తు లేదేటి?"

"బుట్ట గుర్తే. కడిగిందెవరంటన్నాను."

"నాకు మోకాళ్లు నొప్పులు. కోడలు కడిగింది."

"ఆ సాలూరు నించొచ్చిన గుంటేనా? గెడ్డలోనే పెట్టిందా?"

"దగ్గరని సెలమలో పెట్టింది. మూడు రోజులూ ఉంచింది."

"నిలవ నీళ్లలోనా! ఇసం ఎక్కడికి పోద్ది? మళ్లీ దుంపలోకే పోద్ది."

సోములమ్మ పెరట్లో గొయ్యి తీసి దుంపలన్నీ కప్పెట్టేసింది. యర్రమ్మ ఖాళీ బుట్ట లాక్కుంది. "ముప్పై ఏళ్లు తిన్నావు నా సేతి తిండి," అని వెళ్లిపోయింది.

రమణి మళ్లీ తెర ముందు కూర్చుంది గాని, పెట్టలేదు. మూట పేరు పాతదే. చివరిసారి దాన్ని కట్టిందెవరో చూసింది. మొదట రాసినాయన వానాకాలంలోనే తప్పుకున్నాడు. కొత్తాయన వచ్చి ఆరు వారాలు. ఆ పేరుతో ఇంకెక్కడా ఒక్క పనీ లేదు. మూట విప్పి చదివితే, ఇన్‌స్టాల్ అవుతూనే తనంతట తాను బయట ఏదో చిరునామాకి కబురు పంపే కోడు వరస ఒకటి కనపడింది. స్లిప్పు కొట్టేదానికి బయటికి కబురెందుకు? ఆయన్నే అడుగుతూ మెయిల్ రాసింది. జవాబు లేదు.

"వేలమందికి పనికొచ్చింది నీ ఒక్కదానికే పనికిరాదా?" అన్నాడు ధర్మతేజ, ఫోన్లో విషయం విని.

"నంబర్లు ఆ వేలమందికివ్వలేదు సార్. నాకిచ్చారు."

పాతాయన చేతి మూట, ఏడాది కిందటిది, తెచ్చుకుంది. ఆదివారమంతా వరసవరసా చదివింది. నెట్ లేని పాత లాప్‌టాప్‌లో పెట్టి, రైతుల పేర్లకు బదులు ఇంట్లో మేకల పేర్లతో స్లిప్పులు కొట్టి చూసింది. పని చేసింది గాని నెమ్మది. నిమిషానికొకటి.

సోమవారం రైతుల వరస రోడ్డు దాకా పాకింది. పదకొండు మంది విసుగొచ్చి బస్తాలెత్తుకుని షావుకారి దగ్గరికి పోయారు. ధర్మతేజ రమణివైపు చూడటం మానేశాడు. మధ్యాహ్నానికి యర్రమ్మ వంతు వచ్చింది.

"ఏటే గుంటా, నీ మిషనుక్కూడా మోకాళ్లు నొప్పులేటి?"

వెనక జనం నవ్వారు. రమణి స్లిప్పు కొట్టి ఆవిడ చేతికిచ్చింది.

"నా ఆధారు నీకాడే ఉందా?"

"ఉంది పెద్దమ్మా."

"ఇంకెవరికాడా లేదు కదా?"

"లేదు."

యర్రమ్మ స్లిప్పు మడిచి రొంటిన దోపుకుంది.

ఆ కొత్త మూటలో విషముందో లేదో ఈ రోజుకీ తెలీదు. దుంపల్లో ఉందో లేదో ఎవరూ తిని చూడలేదు. కొత్తాయన జవాబు రాయలేదు. యర్రమ్మ మళ్లీ సోములమ్మ గుమ్మం ఎక్కలేదు. స్లిప్పులు మాత్రం నిమిషానికొకటి పడుతూనే ఉన్నాయి.