కార్డులకు ట్యాగు కట్టిన హవల్దారు

కొంప ముంచడానికి శత్రువే రానక్కర్లేదండీ, క్రమశిక్షణ గల మిత్రుడొకడు చాలు. నమ్మకపోతే వినండి. ఒక్క శనివారం సాయంత్రం, తెచ్చుకున్న చాయ్ చల్లారేలోగా, పద్దెనిమిది మంది చదువును ఈ చేతులతో పొడిచి చంపాను. అందులో నా చదువు కూడా ఉంది.

అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. మిలిటరీ ఆఫీసుల్లో పదిహేనేళ్లు హవల్దారు క్లర్కుగా చేసి గౌలిగూడలో ఇంటికొచ్చి పడ్డాను. మాలాంటివాళ్లకు ఆ రోజుల్లో దొరికే కొలువు ఒక్కటే, కాపలా. నాకది వద్దు. సర్కారు వారు కంప్యూటర్ ఉద్యోగాలు వేశారు. నా వయసుకు అదే ఆఖరి ఏడాది, డిప్లొమా ఉంటే తప్ప అర్జీ ముట్టుకోరు. అందుకని ఆబిడ్స్‌లో బట్టల దుకాణం పైనున్న కాలేజీలో చేరాను. మొదటిరోజు నేను గదిలో అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి "నమస్తే సార్" అన్నారు. నేను పోయి ఆఖరి బెంచీ మీద కూర్చునేసరికి వాళ్ల నవ్వు రోడ్డు మీదికి వినిపించింది. చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటారు. నా చదువు కీకరకాయ దాకా కూడా రాలేదు.

కంప్యూటర్ చదువన్న మాటేగానీ మా కాలేజీలో కంప్యూటర్ లేదు. అది నాంపల్లిలో ఒక ఆఫీసులో, చల్లటి గదిలో దొరసానిలా ఉండేది. మేం రాసిన ప్రోగ్రామును అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టి, వరుసకొక కార్డు చొప్పున కట్ట కట్టి అక్కడికి మోసుకెళ్లాలి. చిల్లుని బట్టే యంత్రం అక్షరాన్ని చదువుతుంది. మా లెక్చరర్ ప్రసాదరావుగారు, కోస్తా నుంచి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు, ఎవరెవరినో బతిమాలి ఆదివారం పొద్దున ఒక గంట యంత్రాన్ని అడిగిపెట్టారు. ప్రోగ్రాము నడిస్తే డిప్లొమా, లేకపోతే మళ్లీ ఏడాదికే.

"పెద్దవారు కదండీ, అందరి కార్డులూ మీ దగ్గరే ఉంచండి" అన్నారాయన శనివారం.

క్లాసులో విమల అనే అమ్మాయి తన కట్ట నా చేతిలో పెడుతూ, "అన్నా, జర పైలం. ఒక్క కార్డు అటీటయినా మొత్తం ఖరాబైతది" అంది.

"ఫికర్ చెయ్యకు చెల్లె. నేనుండంగ ఒక్కటి గూడ పోదు" అన్నాను.

ఊరికే అన్న మాట కాదు. మల్లేశమని నా దోస్తు యుద్ధంలో చనిపోయాడు. వాడి పెన్షను ఫైల్లోంచి విడి కాగితం ఒక్కటి ఎక్కడో జారిపోయింది. దానికోసం వాడి పెండ్లాం మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ ఫైలు చూసిన క్లర్కుని నేనే. ఆనాటి నుంచి చిల్లు పొడిచి ట్యాగు దారం కట్టని కాగితం చూస్తే నాకు ముద్ద దిగదు.

అందుకని అందరూ వెళ్లాక ఆఫీసుగదిలోంచి కాగితాలకు చిల్లు పొడిచే మిషను తెచ్చుకున్నాను. ప్రతి కార్డుకూ ఎడమ అంచున కాస్త జాగా ఖాళీగా కనిపించింది. మిలిటరీలో ప్రతి కాగితానికీ ఎడమపక్క మార్జిన్ ఉంటుంది, అది ట్యాగు కోసమే పుట్టింది. టక్, టక్, టక్. వెయ్యి పైచిలుకు కార్డులు! పద్దెనిమిది కట్టలకూ ఆకుపచ్చ ట్యాగులు కట్టి, బల్ల మీద పరేడ్‌లా నిలబెట్టి, చూసుకుని మురిసిపోయాను. ట్యాగు కట్టగానే పండగ కాదని అప్పుడు నాకెవరు చెప్తారు?

ఆదివారం యంత్రం నడిపే యాదగిరి కట్ట చూసి నోరు తెరిచాడు. "గిదేంది హవల్దార్ సాబ్?"

"ట్యాగు. ఇప్పి పెట్టు, గంతే."

"తాడు ఇప్తె పోతది. బొక్క ఎట్ల పోతది?"

అయినా పెట్టాడు. యంత్రం రెండు కార్డులు మింగి, మూడోదాన్ని నమిలి, ఆగిపోయింది. ఇంకో కట్ట పెట్టాడు, అదీ అంతే. ప్రసాదరావుగారు ఒక కార్డు తీసి వెలుతురుకి పట్టుకున్నారు.

"ఏవండీ, ఈ చిల్లు ఎవరు పెట్టారండీ?"

"నేనే సార్. ఖాళీ జాగల పెట్టిన."

"అది ఖాళీ కాదండీ బాబూ! అక్కడ ఏ చిల్లున్నా యంత్రం అక్షరమనే చదువుతుందండీ, మీదీ అంతే!" ఆయన ఇంకో కట్ట లాగి చూశారు. "అన్ని కార్డులకీనా?"

"అన్నిటికి సార్! ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే" అన్నాను. చూశారా, అప్పుడు కూడా మెప్పుకోసమే నా ఏడుపు.

ఆయన నేల మీద చతికిలబడ్డారు. విమల ఏడవలేదు, తిట్టలేదు. "నా కార్డులు నాకియ్యి అన్నా" అంది, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికెళ్తే మా ఆవిడ, "లడాయిల సావకుంట వచ్చినవ్, గీ అట్టముక్కలల్ల వడి సచ్చినవా?" అని నెత్తి కొట్టుకుంది.

ప్రసాదరావుగారు ఎవరి కాళ్లు పట్టుకున్నారో, పది రోజులకు ఇంకో గంట దొరికింది. కార్డులు కొట్టే మిషను కాలేజీ మొత్తానికి ఒక్కటే. నా వంతు రోజూ ఇంకొకరికి ఇచ్చేశాను. తప్పు చేసినవాడు వరుసలో ముందు నిలబడతాడా? పదిహేడు మందీ గట్టెక్కారు. నా కార్డులు సగం కూడా కొట్టకముందే యంత్రం దగ్గర మా గంట వచ్చి పోయింది, అర్జీల గడువూ దాటింది.

కాపలా కొలువే దొరికింది. ఎక్కడనుకున్నారు? నాంపల్లిలో, ఆ కంప్యూటరున్న ఆఫీసు గేటు దగ్గర. కొత్తగా వచ్చిన మేనేజరుకు నేనెవరో తెలియదు. మొదటిరోజే పిలిచి జాగ్రత్తలు చెప్పాడు.

"చూడవయ్యా, లోపల మిషనుంది. ఇదివరకు ఎవడో మిలిటరీవాడొచ్చి వెయ్యి కార్డులకు కన్నాలు పొడిచాడట. అట్లాంటివాడు మళ్లీ వస్తే గేటు దాటనివ్వకు."

"జీ సాబ్!" అని మడమలు కలిపి సెల్యూట్ కొట్టాను.

సభాముఖంగా, ప్రమాణపూర్వకంగా మనవి చేసుకుంటున్నాను. రిటైరయ్యేదాకా వాణ్ణి ఒక్కసారి కూడా లోపలికి పోనివ్వలేదు.