నా నాలుక బదులు ఒక బోర్డు

దివిసీమలో మాది శివారు పొలం. అందరి చేలూ తడిశాకే కాలవ నీళ్లు మాకొస్తాయి. ఈలోపు సముద్రం పోటెత్తితే ఉప్పునీరు పైకెక్కి అందులో కలుస్తుంది. అందుకే తూము ఎత్తే ముందు దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుని చూడటం మా అత్తగారి నాటి పద్ధతి. ఆవిడ తర్వాత ఆ పని నాదే. చుట్టుపక్కల రైతులు కూడా నా మాట విన్నాకే తూములు ఎత్తేవారు.

కిందటేడు జ్వరం తగ్గాక నా నాలుకకు రుచి పోయింది. ఎవరికీ చెప్పలేదు. నీళ్లు బాగున్నాయనే అన్నాను. నాలుగో రోజుకి నారు చివళ్లు మాడిపోయాయి, మాదీ, పక్క చేను అతనిదీ. అతను నన్ను పిన్నీ అని పిలుస్తాడు. పల్లెత్తు మాట అనలేదు గానీ, నన్ను అడగడం మానేశాడు.

ఈ ఏడు నారు పోశాక మనవరాలికి ఒక్కదానికే నాకు రుచి పోయిన సంగతి చెప్పాను. అది బందరులో పాలిటెక్నిక్ చదువుతోంది. నీళ్లలో ఉప్పు చూసే యంత్రం చేస్తానని బొటనవేలంత బోర్డు, రెండు స్టీలు కడ్డీలు, ఎర్రదీ పచ్చదీ రెండు బుల్లి దీపాలు తెచ్చింది. ముందు కంప్యూటర్లో పనిముట్లు పెట్టుకోవాలట. మనం రాసినదాన్ని బోర్డుకు అర్థమయ్యేలా మార్చేదొకటి, దాన్ని బోర్డులోకి పంపేదొకటి. ఎంతకు కొన్నావని అడిగాను.

"కొనలేదు మామ్మా. ఎవరెవరో రాసి అందరికీ వదిలేశారు. ఎలా రాశారో కూడా విప్పి చూసుకోవచ్చు."

నాకు నమ్మకం కుదరలేదు. ఆవకాయ పాళ్లు నేను కన్నకూతురికే పెళ్లయ్యాక గానీ చెప్పలేదు.

ఒకటి పెడితే ఇంకోటి లేదనేది కంప్యూటరు. అడిగిందల్లా ఫోను నెట్‌తో దింపి పెట్టింది పిల్ల. మూడో పూటకి రాసిందంతా తప్పుల్లేకుండా మారింది. పంపబోతే మాత్రం, అసలు బోర్డే కనబడటం లేదంది. బోర్డు మీద దీపమేమో వెలుగుతూనే ఉంది. పనిముట్లన్నీ తీసేసి మళ్లీ పెట్టింది. అదే మాట. ఊరికే వచ్చినవి ఇలాగే ఏడుస్తాయని రెండుసార్లు దెప్పాను. పిల్ల ముఖం చిన్నబోయింది.

చివరికి బోర్డును కిటికీ దగ్గర పెట్టి చూసి, కేబుల్ దూర్చే మూతిలో పసుపచ్చగా ఏదో గడ్డకట్టిందంది. దీపానికి కరెంటు అందుతోంది గానీ, కంప్యూటరు మాట లోపలికి పోవడం లేదట. అప్పుడు గుర్తొచ్చింది. ఇంజనైనా మిక్సీ అయినా, కొత్త వస్తువుకి పసుపు కుంకుమ పెట్టందే నేను వాడనివ్వను. దీనికీ పెట్టాను. అంత చిన్నదాని మీద చోటెక్కడిది? పసుపు మూతిలోకి పోయి ఎండింది.

తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. కిందటేడు నోరు మూసుకుంటే ఏమైందో చూశాను గనక ఈసారి చెప్పేశాను. "నేనే పెట్టానే. నీ పనిముట్లకేం రోగం లేదు."

"పాపం, నీచేత ఉత్తినే తిట్లు తిన్నాయి మామ్మా."

పుల్లకి దూది చుట్టి, స్పిరిట్ అద్ది తుడిచింది. ఒక్క మీట నొక్కింది. ఎర్ర దీపం రెండుసార్లు కొట్టుకుంది. పిల్ల లేచి గంతేసింది. నేనూ నవ్వాను.

నారు ఎంత ఉప్పు తట్టుకుంటుందో వ్యవసాయాఫీసులో కనుక్కుని, అంత ఉప్పు లీటరు నీళ్లలో కలిపి బోర్డుకు గుర్తు చెప్పింది. అంతకు మించితే ఎరుపు, లేకపోతే పచ్చ.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి పక్క చేను అతను తూము ఎత్తబోతున్నాడు. నా చేతిలో బోర్డూ కడ్డీలూ చూశాడు.

"ఏం పిన్నీ, నాలుకకి కరెంటు పెట్టించావా?"

కడ్డీలు ముంచాను. ఎరుపు. నేనూ ఒక చుక్క నోట్లో వేసుకున్నాను. చప్పగానే ఉంది.

"నాకు రుచి పోయి ఏడాదైందిరా. కిందటేడు నీ నారు మాడ్చింది నేనే. ఇవాళ ఎత్తకు."

అతను నన్ను చూశాడు, దీపాన్ని చూశాడు. తూము వదిలేశాడు. మూడో రోజు పచ్చ వెలిగింది. ఇద్దరం ఒకేసారి ఎత్తాం.

నారు ఇప్పుడు జానెడు లేచింది. ఒక్క చివరా మాడలేదు. తనకూ అలాంటిదే కావాలని అతనొస్తే, బోర్డు తెచ్చుకో, లోపలి రాత మా పిల్ల ఊరికే ఎక్కిస్తుందన్నాను. పసుపు మాత్రం బోర్డుకి కాకుండా, దాన్ని పెట్టుకునే డబ్బాకి పెట్టుకోమన్నాను. వెనకే వచ్చిన వాళ్లావిడకి ఆవకాయ పాళ్లు కూడా చెప్పేశాను.