ఉప్పు తగిలిన బొగ్గు

2023 జనవరి. దోహాకు ఉత్తరాన ఎడారిలో ఉన్న ఒక కూరగాయల తోటలో నేను గ్రీన్‌హౌస్ టెక్నీషియన్‌ని. ఖతర్‌లో గ్రీన్‌హౌస్‌కు వేడి పెడతామంటే మా నిజామాబాద్ వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. "దుబాయ్‌ల చలేందిరా?" అంటాడు మా మామ, గల్ఫ్ అంతా ఆయనకు దుబాయే. కానీ చలికాలంలో తెల్లవారేసరికి ఇసుక నేల జిల్లుమంటుంది, దోస మొలకలు ఎదగకుండా బిగుసుకుపోతాయి. అందుకే మాకు కట్టెల పొయ్యి కావాలి.

ఇనప డ్రమ్ములో ఖర్జూరపు మట్టలు, కొట్టేసిన కొమ్మలు నింపి, గాలి సరిగా తగలకుండా కాలిస్తే వాటిలోంచి వచ్చే గ్యాస్ మండుతుంది. ఆ మంటకు కాగిన నీళ్లు గొట్టాల్లో మొలకల ట్రేల కింద తిరుగుతాయి. డ్రమ్ములో బొగ్గు మిగులుతుంది, దాన్నే బయోచార్ అంటారు. పొడి చేసి కంపోస్టుతో కలిపి ఇసుకలో వేస్తే నీటినీ ఎరువునూ పట్టి ఉంచుతుంది.

కిటుకంతా క్వెంచింగ్‌లో, అంటే ఆర్పడంలో ఉంది. ఆలస్యమైతే బొగ్గు కాస్తా బూడిదవుతుంది. మా పొయ్యి చూసుకునే వెంకట్రాముడు అనంతపురం జిల్లా మనిషి, యాభై దాటినవాడు. ఊళ్లో ఏళ్ల తరబడి సర్కారు తుమ్మను బట్టీల్లో కాల్చి బొగ్గు తీశాడు. ఇక్కడికి ఒక ఇంట్లో కారు నడిపే హౌస్ డ్రైవర్‌గా వచ్చి చివరికి తోటలో తేలాడు. ఆర్పడానికి అతను నీళ్లు వాడడు. మూత వేసి, సందులన్నీ తడిమట్టితో మెత్తి, ఒక రోజంతా అలా వదిలేస్తాడు. గాలి అందక నిప్పు దానంతటదే ఆరిపోతుంది.

మా మేనేజరుకు ఆ ఒక్క రోజు ఆగడం నచ్చలేదు. దోహాలోని అల్ సద్ ఆఫీసు నుంచి వారానికోసారి ఏసీ కారులో వచ్చిపోయే మనిషి. తెలుగువాడే, కోస్తా వైపు.

"రోజంతా డ్రమ్ము ఆపేసి కూర్చుంటారేంటండీ? నీళ్లు కొట్టేసి సాయంత్రానికి మళ్లీ వెలిగించండి," అన్నాడు.

"ఏ నీళ్లు సార్?" అని అడిగాను.

"బోరు నీళ్లు. బొగ్గుకి మంచినీళ్లు పోస్తారా ఎవరైనా?"

మా బోరు నీళ్లు ఉప్పు. మొక్కలకు పెట్టేది ఆర్‌వో ప్లాంటులో ఉప్పు తీసిన నీళ్లే. ఈ సంగతి తోటలో అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. అయినా తల ఊపాను.

మొదటిసారి బోరు నీళ్లు పోసిన మర్నాడు వెంకట్రాముడు బొగ్గు ముక్క ఒకటి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

"ఉప్పుండాది సార్. చెట్లకు వద్దు ఇది."

"బొగ్గును నాకి చూసుడేందన్నా, మీటర్ ఉన్నది గదా," అని నవ్వాను.

ఈసీ మీటరు, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే పరికరం, నిజంగానే నా జేబులో ఉంది. రోజూ పొద్దున మొక్కల నీళ్లలో ముంచి అంకె రాసుకుంటాను. ఆ బొగ్గును మాత్రం పరీక్షించలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇది దాచిపెట్టి ఇంకొకరిని తిట్టే హక్కు నాకు లేదు.

ఆ బొగ్గు కలిపిన మట్టిలోకి మొలకలను మార్చిన వారానికే ఆకుల అంచులు మాడాయి. ఆ పై వారం బెడ్లకు బెడ్లు వాలిపోయాయి. మేనేజరు వచ్చి చూసి, పది నిమిషాల్లో దోషిని తేల్చేశాడు.

"ఇతను కట్టెల్లో ప్లాస్టిక్ వేసి తగలెట్టుంటాడు. రిపోర్టు టైపు చేయించాను, మీరు సంతకం పెట్టండి. వీసా క్యాన్సిల్ చేసి, ఎగ్జిట్ వేసి ఇంటికి పంపించేద్దాం."

రిపోర్టు మొదటి వరుసలోనే వెంకట్రాముడి పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు. ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ మనిషి మా పక్కనే నిలబడి ఉంటే, అక్కడ లేనట్టే మాట్లాడుతున్నాడీయన. నీళ్లు పోయమన్న నోరు ఇదే కదా అని నా ఒళ్లు మండిపోయింది.

"నేను ఆ పొద్దే చెప్తి గదా సార్," అన్నాడు వెంకట్రాముడు, నా వైపు చూస్తూ. "ఈ వయసులో పంపిస్తే మల్లా నాకు వీసా ఎవరిస్తారు?"

సంతకం పెట్టలేదు. షెడ్డులోకి వెళ్లి రెండు గ్లాసుల్లో ఆర్‌వో నీళ్లు పోశాను. ఒకదాంట్లో మట్టి మెత్తి ఆర్పిన పాత బొగ్గు పొడి, రెండోదాంట్లో బోరు నీళ్లతో ఆర్పినది వేసి, కాసేపు నాననిచ్చి మీటరు ముంచాను. మొదటిది హద్దులోనే ఉంది. రెండోది మొలకలు ఓర్చుకునే హద్దుకు నాలుగింతలు.

"మీటర్లు పాతబడితే అలాగే చూపిస్తాయండీ," అన్నాడు మేనేజరు.

ఇక ఆగలేదు. అర్బాబ్‌కు, అంటే తోట యజమానికి, నేనే ఫోన్ చేశాను. ముసలాయన సాయంత్రం వచ్చాడు. గ్లాసులు రెండూ ముందు పెట్టి విషయం చెప్పాను. ఆయన మీటరు వైపు చూడనైనా లేదు. రెండో గ్లాసులో వేలు ముంచి నాలుకకు రాసుకుని, మొహం చిట్లించాడు.

"మాలెహ్," అన్నాడు. ఉప్పు అని. తరువాత హిందీలో, "బోరు నీళ్లు ఎవరు పోయమన్నారు?" అని అడిగాడు.

మేనేజరు ఫోన్ చూసుకుంటున్నాడు. నేనే చెప్పాను. తల ఊపింది నేనేనని కూడా చెప్పాను.

వెంకట్రాముడి ఎగ్జిట్ ఆగింది. మేనేజరు మాత్రం చెక్కు చెదరలేదు. వారం తిరక్కుండా పొయ్యి దగ్గర ఇంగ్లీషులో నోటీసు అంటించాడు: టెక్నికల్ పరిశీలనలో తేలినందున క్వెంచింగ్‌కు బోరు నీళ్లు వాడరాదు, మూసి చల్లార్చవలెను, ఇట్లు మేనేజర్. సిగ్గూ శరమూ లేని మనిషి.

"చదివి చెప్పండి సార్, ఏం రాసినాడు?" అని అడిగాడు వెంకట్రాముడు, చేతిలో తడిమట్టితో.

"నువ్వు చేసేదే రాసిండన్నా."

"నా పేరుందా?"

లేదని చెప్పాను. అతను తల పంకించి, డ్రమ్ము సందులు మెత్తడానికి వెళ్లిపోయాడు.

ఇంటికి పంపడానికి తండ్రి పేరుతో సహా గుర్తున్నవాడు, అతని దగ్గర పాఠం నేర్చుకున్నాక మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. ఆ రోజే నా లాగ్‌బుక్‌లో మీటరు అంకెల పక్కన ఇంకో గడి గీశాను: "ఎవరు చెప్పారు". అందులో మొదటి పేరు, తండ్రి పేరుతో సహా, వెంకట్రాముడిది.