ఆరోసారి

బార్కస్ నుంచి చార్మినార్ వెళ్లే బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. పక్క సీట్లో పెద్దాయన రూపాయి బిళ్ల ఎగరేసి పట్టుకుంటూ, పడిందల్లా నాకు చూపిస్తున్నాడు. వరుసగా ఐదుసార్లు బొమ్మే పడింది.

ఆరోసారి పట్టుకుని, పైన రెండో చెయ్యి కప్పాడు. “ఇప్పుడేంది భాయ్?”

“బొరుసే,” అన్నాను, ఆలోచించకుండానే.

ఆయన కప్పిన చెయ్యి తియ్యలేదు.

“నేను గూడ గట్లనే అన్న. గాజుల ధందా మాది. మొహర్రం దుఃఖం నెల, ఒక్క గాజు అమ్ముడుపోదు. తర్వాత పెండ్లిళ్లొస్తయి, మస్తు గిరాకీ. గీ బిళ్ల, సిక్క గూడ గంతే అనుకున్న. బొమ్మాబొరుసు ఆటల ఓడినకొద్దీ పందెం పెంచిన. పత్తర్‌గట్టిల అబ్బాజాన్ పెట్టిన దుకాణం పోయింది. ఇప్పుడు గా దుకాణంలనే నౌకరి చేస్తున్న. పెండ్లిళ్ల నెల వచ్చిందని జనానికి తెలుస్తది. ముందు ఏం పడ్డదో సిక్కకేం తెలుస్తది భాయ్?”

నా వైపు తిరిగి అడిగాడు. “మీరేం చేస్తరు?”

“ఆఫీసులో క్లర్కును.”

చార్మినార్ వచ్చింది. ఆయన బిళ్ల చూపించకుండానే పిడికిలి బిగించి దిగిపోయాడు. ఏం పడిందని నేనూ అడగలేదు.

నేను క్లర్కును కాను. పద్నాలుగేళ్లుగా పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. సంభావ్యతలో బొమ్మాబొరుసుల పాఠానికి నాణెం తీసుకెళ్లడం మాత్రం ఆ బస్సెక్కిన ఏటి నుంచి మానేశాను.